ప్రింట్‌మేకింగ్ (అచ్చుచిత్రాల కళ) సామగ్రి ప్రదర్శనకు విదేశం వెళ్తున్నప్పుడు

టికెట్టు కంటే ముందు నమూనాల సంగతి చూడండి. లినో (అచ్చు కోసం చెక్కే లినోలియం పలక) ఉలులు, చెక్క చెక్కే కత్తులు చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో పోయినట్టే. మొనలకు కార్కు గుచ్చి, మందపాటి గుడ్డలో చుట్టి చెక్-ఇన్ సామానులో వేయండి. పెట్టె తెరిచే అధికారి వేళ్లు తెగకూడదు కదా. టర్పెంటైన్, ఫెర్రిక్ క్లోరైడ్ మీతో తీసుకెళ్లే ఆలోచనే వద్దు. ఒకటి మండుతుంది, రెండోది లోహాన్ని తినేస్తుంది.

చిక్కంతా నూనె ఇంకులతోనే. అవిసెనూనెతో చేసిన ఎచింగ్ (రసాయనంతో గీతలు తొలిచిన లోహపు ప్లేటుతో అచ్చు తీసే పద్ధతి) ఇంకు సాధారణంగా మండే ద్రవాల కిందికి రాదు, కానీ ఆ మాట మనం చెబితే ఎవరు నమ్ముతారు? తయారీదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రంలో 9వ విభాగంలో ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత), 14వ విభాగంలో రవాణా వర్గీకరణ ఉంటాయి. ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీల సెల్సియస్ దాటిందో లేదో చూసి, ఆ పత్రాన్ని విమాన సంస్థకు ముందే పంపి రాతపూర్వక అనుమతి తీసుకోండి.

చూపించి వెనక్కి తెచ్చుకునే చిన్న ప్రెస్సు, రోలర్లకు ఏటీఏ కార్నే (సరుకును తాత్కాలికంగా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునేందుకు ఇచ్చే కస్టమ్స్ పత్రం) తీసుకోండి. రెండు దేశాలూ ఆ ఒప్పందంలో ఉంటే సుంకం కట్టనక్కర్లేదు. ప్రతి సరిహద్దులోనూ ముద్ర వేయించుకోవడం మరిచిపోతే మాత్రం తర్వాత సుంకం నోటీసు వస్తుంది. పంచిపెట్టే కాగితం ముక్కలు, వాడి పారేసే ఇంకు కార్నే పరిధిలోకి రావు.

ఇక ప్రదర్శనలో. అమ్మేవాళ్లు చూపించే ప్లేటును నేను చూడను. తమ ఇంకు అందంగా కనిపించేలా ఎంచుకున్నదే కదా అది! లోతైన గీతలు, విశాలమైన ఆక్వాటింట్ (సన్నని చుక్కలతో నీడలా వచ్చే భాగం) ఉన్న నా ప్లేటునే ఇచ్చి, నా ఎదుటే ఇంకు పూసి తుడిచి, వాళ్ల కాగితం తడిపి అచ్చు తీయమంటాను. మొహమాటపడకండి, మంచి తయారీదారులకు ఈ కోరిక ఇష్టమే. హాల్లో దీపాల వేడికి ఇంకు మెత్తబడుతుంది కాబట్టి, తుడవడం తేలికగా ఉందన్న ఒక్క కారణంతో ఆర్డరు ఇవ్వకండి. రంగు పేరు ఎంత ముచ్చటగా ఉన్నా డబ్బా మీది పిగ్మెంట్ కోడ్ (ఏ రంగు పదార్థం వాడారో చెప్పే గుర్తు) చదవండి. పీఆర్ 83 అని ఉంటే అది అలిజరిన్ అనే ఎరుపు, వెలుతురులో వెలిసిపోతుంది.

ధర అడిగేటప్పుడు కనీస ఆర్డరు ఎంతో కూడా అడగండి. ఎఫ్‌ఓబీ ధర చూసి మురిసిపోవద్దు: సరుకు ఓడ ఎక్కినప్పటి నుంచి రవాణా ఖర్చు, నష్టభయం మీవే. బీమా, రవాణా కలిపిన సీఐఎఫ్ ధరను పక్కనే రాయించుకుని, అప్పుడు పోల్చండి.