పాత మిల్లు లెక్కల ఫైలు తెరవడానికి ఏ డ్రైవర్ ఎంచుకోవాలి?

మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల్లో, భీమవరం రొయ్యల మేత షాపుల్లో పాత కంప్యూటర్ మార్చినప్పుడల్లా ఇదే టెన్షన్. ఏళ్ల నాటి సార్వా, దాళ్వా లెక్కలన్నీ పాత ప్రోగ్రామ్ ఫైళ్లలో ఉండిపోతాయి, పోనీ డేటాబేస్ టూల్‌తో తెరుద్దామంటే ఏ డ్రైవర్ (ఆ రకం ఫైలును టూల్ చదవగలిగేలా చేసే చిన్న ప్రోగ్రామ్) కావాలని పెద్ద లిస్టు చూపిస్తుంది. పైనున్నది నొక్కేయకండి. ఫైలు పేరు చివరి అక్షరాలను నమ్మి కూడా ఎంచుకోకండి, లోపల ఏముందో చూడండి.

ముందు కాపీ తీయండి, అదీ ప్రోగ్రామ్ మూసేశాక, ఫోల్డర్ మొత్తం. డీబీఎఫ్ (డీబేస్, ఫాక్స్‌ప్రో లాంటి పాత ప్రోగ్రామ్‌ల టేబుల్ ఫైలు) ఒక్కటే తెచ్చుకుంటే మెమో ఫీల్డుల్లోని, అంటే పొడవాటి నోట్స్ రాసుకునే గళ్లలోని, వివరాలు రావు, అవి పక్కనున్న డీబీటీ లేదా ఎఫ్‌పీటీ ఫైల్లో ఉంటాయి.

ఇప్పుడు ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే ‘స్టాండర్డ్ జెట్ డీబీ’ అని ఇంగ్లీషులో కనిపిస్తే మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్ పాత వెర్షన్, ‘స్టాండర్డ్ ఏస్ డీబీ’ అంటే 2007 లేదా ఆ తర్వాతి యాక్సెస్, ‘ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3’ అంటే ఎస్‌క్యూలైట్. ఎస్‌క్యూలైట్‌తో పెద్ద పని లేదు, దాదాపు ఏ డేటాబేస్ టూల్ అయినా తెరుస్తుంది.

డీబీఎఫ్ అయితే హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్లోని ఒక్కో బైట్‌ను కోడ్ అంకెల్లో చూపే ప్రోగ్రామ్) మొదటి బైట్ చూడాలి. 03 లేదా 83 ఉంటే డీబేస్ డ్రైవర్ చాలు. ఎఫ్5 ఉంటే మెమో ఉన్న ఫాక్స్‌ప్రో, 30 ఉంటే విజువల్ ఫాక్స్‌ప్రో, వీటికి డీబేస్ డ్రైవర్ పెట్టి కుస్తీ పడొద్దు, ఫాక్స్‌ప్రో డ్రైవరే వేసుకోండి.

ఎక్కువమంది ఆగిపోయేది 32, 64 బిట్ దగ్గర. డ్రైవర్ మీ విండోస్‌తో కాదు, మీరు వాడే టూల్‌తో కలవాలి. విజువల్ ఫాక్స్‌ప్రో డ్రైవర్, పాత యాక్సెస్ ఫైళ్ల జెట్ డ్రైవర్ 32 బిట్‌లోనే ఉన్నాయి, కాబట్టి 64 బిట్ టూల్‌కి అవి కనిపించవు, కనిపించినా ‘ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్’ అని ఎర్రర్ వస్తుంది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఓడీబీసీ (విండోస్‌లో ఈ డ్రైవర్లను అమర్చే చోటు) సెట్టింగ్స్ సిస్‌వావ్64 ఫోల్డర్‌లో, 64 బిట్‌వి సిస్టమ్32లో ఉంటాయి. పేర్లు తలకిందులుగా ఉన్నాయనిపించినా వాస్తవం అదే. యాక్సెస్ ఫైళ్లకైతే డీబీవర్ అనే డేటాబేస్ టూల్‌లో యుకాన్‌యాక్సెస్ డ్రైవర్ ఎంచుకోమంటాను, అది జావా డ్రైవర్ కాబట్టి ఈ గొడవే ఉండదు.

ఫైలు తెరుచుకోగానే పని అయిపోయిందనుకోకండి. డీబీఎఫ్‌లో డిలీట్ చేసిన బిల్లు నిజంగా పోదు, దాని ముందు ఒక నక్షత్రం గుర్తు (*) పడుతుంది అంతే, ‘ప్యాక్’ (డిలీట్ చేసినవాటిని పూర్తిగా తీసేసే ఆదేశం) చేసేదాకా ఫైల్లోనే ఉంటుంది. డ్రైవర్ ఆప్షన్లలో ‘షో డిలీటెడ్ రోస్’ టిక్ పడి ఉంటే రద్దు చేసిన ధాన్యం బిల్లులు కూడా టోటల్‌లో కలిసిపోతాయి. టిక్ తీసేసి, ఏదో ఒక నెల మొత్తాన్ని పాత ప్రింటు చిట్టాతో సరిచూడండి.

రైతుల పేర్లు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తే డ్రైవర్లు మారుస్తూ కూర్చోకండి. బహుశా అవి అను ఫాంట్లలో (యూనికోడ్ రాకముందు నుంచీ ఉన్న తెలుగు ఫాంట్లు) కొట్టినవి. ఆ కాలమ్‌ను ఖాతా నంబరుతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, యూనికోడ్ కన్వర్టర్‌లో మార్చి, నంబరు చూసి మళ్లీ కలుపుకోండి.