మార్చి 31 జాబులకు ముందు: డీఐవీ సేవ్ విషయంలో జాగ్రత్తలు

ఉగాదికి అనంతపురం వచ్చి, ఇంటి నుంచే మెయిన్‌ఫ్రేమ్ మీద ఇయర్ ఎండ్ జాబులు (సిస్టమ్‌కు అప్పగించి నడిపే పనులు) చూసుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పండగా, మార్చి 31 దగ్గర దగ్గరగానే వస్తాయి. డీఐవీ (డేటా ఇన్ వర్చువల్, డిస్క్ మీది డేటాను మెమరీలోనే ఉన్నట్టుగా చూసి మార్చే సదుపాయం) మ్యాక్రోతో వీశామ్ లీనియర్ డేటాసెట్ అనే డిస్క్ ఫైల్‌ను మార్చే అసెంబ్లర్ ప్రోగ్రామ్ మీ బాధ్యతలో ఉంటే, జాబు సబ్‌మిట్ చేసే ముందే ఇవి చూసుకోండి. అందులో ఉండేవి ఎవరివో లెక్కలు, తేడా వస్తే ఇబ్బంది పడేది వాళ్లే.

మ్యాప్ చేశాక, అంటే డేటాసెట్‌ను మెమరీలోని ఒక భాగానికి (విండో) జత చేశాక, ఆ విండోలో ఎంత మార్చినా అది వర్చువల్ స్టోరేజ్‌లోనే ఉంటుంది. సేవ్ ఇస్తేనే మారిన పేజీలు డేటాసెట్‌లోకి వెళ్తాయి. సేవ్ లేకుండా అన్‌మ్యాప్ చేస్తే, అంటే ఆ జత విడదీస్తే, అంతే సంగతులు. అన్‌మ్యాప్‌లో రిటెయిన్ ఎస్ అని పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. అది విండోలోని కాపీని మెమరీలో ఉంచుతుంది తప్ప డిస్క్ మీద ఏమీ రాయదు. డేటాసెట్‌ను తెరిచే యాక్సెస్ దగ్గర మోడ్ అప్‌డేట్ అని ఉందో లేదో కూడా చూడండి. రీడ్ మోడ్‌లో తెరిచినదానికి సేవ్ కుదరదు.

సేవ్‌లో ఆఫ్‌సెట్ (ఎక్కడి నుంచి), స్పాన్ (ఎంత మేర) బైట్లలో ఇవ్వకండి. రెండూ 4096 బైట్ల బ్లాకుల లెక్క. ఆఫ్‌సెట్ 1 అంటే రెండో బ్లాకు. రెండూ వదిలేస్తే మ్యాప్ చేసిందంతా సేవ్ పరిధిలోకి వస్తుంది. పారామీటర్ తప్పితే 08బీ అబెండ్ (ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగిపోవడం) వస్తుంది కాబట్టి కనీసం తెలుస్తుంది. అబెండ్ రాకపోయినా సేవ్ అయిన వెంటనే రిజిస్టర్ 15లో వచ్చే రిటర్న్ కోడ్ చూడాలి. అది సున్నానా కాదా అని చూసే ఎల్‌టీఆర్ 15,15 ఒక్క లైనే కదా! సున్నా కాకపోతే రిజిస్టర్ 0లో ఉన్న రీజన్ కోడ్‌ను లాగ్‌లో రాయించి అక్కడే ఆపండి.

నాకు అసలు టెన్షన్ సేవ్ మధ్యలో సిస్టమ్ పడిపోవడం గురించే. డీఐవీకి మార్పులు రాసుకునే సొంత జర్నల్ లేదు, వాటిని వెనక్కి తీసే బ్యాకౌట్ లేదు. కొన్ని బ్లాకులు కొత్తవి, కొన్ని పాతవిగా డేటాసెట్ మిగిలిపోవచ్చు. అందుకే మొదటి బ్లాకును హెడర్‌గా పెట్టుకుని, అందులో ఒక బైట్‌ను ఫ్లాగ్‌గా వాడండి. ముందు ఫ్లాగ్ 1 చేసి ఆ ఒక్క బ్లాకే సేవ్ చేయండి: ఆఫ్‌సెట్ 0, స్పాన్ 1. తర్వాత డేటా బ్లాకులు మార్చి సేవ్ చేయండి. అది సక్రమంగా అయ్యాకే ఫ్లాగ్‌ను 0 చేసి మళ్లీ హెడర్ సేవ్ చేయండి. ప్రోగ్రామ్ మొదలవగానే ఫ్లాగ్ 1 కనిపిస్తే, కిందటిసారి పని సగంలో ఆగిందని అర్థం. అప్పుడు ఒక్క రికార్డు కూడా ముట్టుకోకుండా ఆగిపోవాలి.

ప్రోగ్రామ్ అబెండ్ అయినప్పుడు నడిచే ఎస్టే రొటీన్‌లో కంగారుగా సేవ్ పెట్టేవాళ్లుంటారు. దయచేసి అలా చేయకండి. సగం మారిన లెక్కను మన చేత్తో మనమే శాశ్వతం చేసినట్టవుతుంది. అక్కడ కావలసింది రీసెట్. సేవ్ కాని మార్పులు వదిలేసి, డేటాసెట్‌లో ఉన్న స్థితికి విండోను తెస్తుంది. అప్పటికే సేవ్ అయినవాటిని మాత్రం వెనక్కి తేలేదు.

అందుకే బ్యాకప్ కావాలి. ఎవరూ అప్‌డేట్ చేయని సమయంలో డీఎస్ఎస్ డంప్ (డేటాసెట్ బ్యాకప్ కాపీ) తీసి, అది సరిగ్గా పూర్తయిందో లేదో జాబ్ అవుట్‌పుట్‌లో చదవండి.

ఇక మన వైపు సంగతి. ఎండలు ముదిరే రోజులు, ఒక్క గాలివాన వస్తే చాలు కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద లాప్‌టాప్‌తో పాటు రౌటర్ కూడా ఉండాలి. అంతకన్నా ముఖ్యం, ఈ ప్రోగ్రామ్‌ను టీఎస్ఓలో (మన లాగిన్ సెషన్‌లో) కాల్ కమాండ్ కొట్టి నడపకండి. లైన్ తెగి సెషన్ క్యాన్సిల్ అయితే సేవ్ కాని మార్పులూ పోతాయి. బ్యాచ్‌లో వేస్తే మన లైన్ తెగినా జాబు అక్కడ నడుస్తూనే ఉంటుంది.

నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాసి ఇవ్వండి: ఫ్లాగ్ 1 మెసేజ్‌తో జాబు ఆగితే రీరన్ చేయొద్దు, ముందు ఫలానా డంప్ రీస్టోర్ చేయాలి, ఆ తర్వాతే మళ్లీ సబ్‌మిట్ చేయాలి.