పాత బేలర్ కొనే ముందు ముడి కట్టించి చూడండి

అమెరికాలో 1960ల నాటి బేలర్లు, అంటే గడ్డిని చిన్న చదరపు కట్టలుగా కట్టే యంత్రాలు, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. జాన్ డీర్ 24టి, న్యూ హాలండ్ సూపర్ 68 అలాంటివే. వీటిలో సెన్సర్లూ కంప్యూటర్లూ ఉండవు. ఏ భాగం ఎందుకు కదులుతోందో కంటికి కనిపిస్తుంది, పానాతో సరిచేసుకోవచ్చు. 35 హార్స్‌పవర్ ట్రాక్టర్ చాలు. కట్ట 20-25 కిలోలే. చిక్కు కూడా అక్కడే ఉంది: రెండు టన్నుల గడ్డికి 80-100 కట్టలు, అన్నీ చేత్తో మోయాల్సినవే. పది ఎకరాలవాళ్లకు బాగుంటుంది కానీ, అద్దెకు తిప్పాలనుకుంటే వద్దు.

రంగు, టైర్లు తర్వాత. ముందు ట్రాక్టర్ ఇంజను ఆపి, దాని నుంచి బేలర్‌ను తిప్పే పీటీఓ షాఫ్ట్ ఊడదీయండి. తాడు ఎక్కించి, ముడి కట్టే మీట నొక్కి, ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని అది తిరిగే వైపే చేత్తో మెల్లగా తిప్పండి. తాడును తెచ్చే సూదులు, గడ్డిని నొక్కే ప్లంజర్ ముఖంలోని గాడుల గుండా పైకి రావాలి. టైమింగ్ తప్పితే ప్లంజర్ గుద్ది సూది విరుగుతుంది. అలా గుద్దకుండా ప్లంజర్‌ను ఆపే సేఫ్టీ స్టాప్ తుప్పు పట్టి బిగుసుకుపోయిందేమో కదిపి చూడండి.

ఇక ముడి. చిటికెన వేలంత వంకర ముక్కు, దానికో చిన్న నాలుక, పక్కన తాడు పట్టుకునే డిస్కు: బేలర్ పనితనమంతా ఈ మూడింటిలోనే. ముక్కు మీద తుప్పుంటే సన్న ఎమరీ కాగితంతో నునుపు చేయండి. తాడు ఒక కొసకే ముడి పడితే, రెండో కొసను డిస్కు వదిలేస్తోందన్నమాట, స్ప్రింగు కొంచెం బిగించండి. డిస్కు దగ్గర తాడు నలిగి తెగితే బిగువు ఎక్కువైంది. ముడి ముక్కుకే అంటుకుంటే నాలుక స్ప్రింగు వదులు చేయండి, ముడిని ముక్కు మీంచి తుడిచి దించే చేయి ముక్కును రాసుకుంటూ పోతోందో లేదో కూడా చూడండి. ఒక్కసారికి పావు చుట్టే తిప్పాలి, అదీ ఒక్క నట్టే. రెండూ కలిపి తిప్పితే ఏది కుదిరిందో తెలియదు.

కట్టకు ఒకవైపు కుచ్చులు వేలాడితే కత్తి మొద్దుబారింది, లేదా ప్లంజర్ కత్తికీ, గడ్డి నొక్కుకునే గది (చాంబర్) కత్తికీ మధ్య సందు పెరిగింది. ఆ సందు మిల్లీమీటరు లోపే ఉండాలి. మన వరిగడ్డిలో సిలికా ఎక్కువ, కత్తి ఇంకా త్వరగా అరుగుతుంది.

భారం ఎక్కువైతే ముందు తానే తెగి యంత్రాన్ని కాపాడేది షియర్ బోల్ట్. అది మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్ట్ వేయకండి, తర్వాత విరిగేది గేర్‌బాక్సే. పీటీఓ గార్డు లేకపోతే అది వేయించాకే పొలంలోకి దింపండి.

సీజను అయ్యాక చాంబర్ ఖాళీ చేయండి. లోపల మిగిలిన గడ్డి చెమ్మ పీల్చి రేకును తినేస్తుంది. ముడి ముక్కులకు గ్రీజు పూసి కప్పేయండి.