వీఎం డిస్కును షేర్డ్ స్టోరేజీకి జరిపే ముందు

ప్రాక్స్‌మాక్స్‌లో (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) వీఎం లోకల్ డిస్కును ఎన్ఎఫ్ఎస్‌కు (నెట్‌వర్క్ మీదుగా సర్వర్లన్నీ పంచుకునే స్టోరేజీ) మార్చే ముందు ఇవి చూసుకోండి.

• అసలు అవసరమా? సర్వర్ పడిపోతే వీఎం తాజా డేటాతో ఇంకో నోడ్‌లో (క్లస్టర్‌లోని ఇంకో సర్వర్‌లో) లేవాలంటే షేర్డ్ కావాల్సిందే. పావుగంట డేటా పోయినా తట్టుకోగలిగితే లోకల్‌లోనే ఉంచి జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్ (డిస్కును కొద్దిసేపటికోసారి ఇంకో నోడ్‌కు కాపీ చేయడం) పెట్టుకోవడం నయం. ఎన్‌ఏఎస్ (ఆ షేర్డ్ స్టోరేజీ ఇచ్చే పెట్టె) ఒక్కటే ఉంటే, అది ఆగిన రోజు అన్ని వీఎంలూ ఆగుతాయి.

• ఎక్కువమంది దెబ్బతినేది నెట్‌వర్క్ దగ్గరే. 1 గిగాబిట్ లైన్‌లో సెకనుకు సుమారు 110 ఎంబీయే వస్తుంది, అదీ అన్ని వీఎంలూ పంచుకోవాలి. 10 గిగాబిట్ పెట్టండి. కోరోసింక్‌ను (నోడ్‌లు ఒకదానితో ఒకటి టచ్‌లో ఉండే సర్వీసు) అదే పోర్టు మీద నడపొద్దు. కాపీ జోరులో దాని ప్యాకెట్లు ఆలస్యమైతే కోరం (క్లస్టర్ నడవడానికి కావాల్సిన నోడ్‌ల మెజారిటీ) పోతుంది, హెచ్‌ఏ వీఎంలున్న (సర్వర్ పడితే ఇంకోచోట వాటంతటవే లేచేలా పెట్టినవి) నోడ్ దానంతటదే రీబూట్ అవుతుంది. ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెడితే స్విచ్‌లోనూ మార్చి, 8972 బైట్ల (9000లో హెడర్లు పోను) పింగ్‌ను ముక్కలు కాకుండా పంపి చూడండి.

• డిస్కు ఫార్మాట్ క్యూకౌ2 (qcow2) ఎంచుకోండి. రా (raw) ఫార్మాట్ అయితే ఎన్ఎఫ్ఎస్ మీద స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి దాచుకునే ఆ క్షణపు స్థితి) తీయలేరు.

• బ్యాకప్ తీయండి, ఒకసారి వేరే ఐడీతో రీస్టోర్ చేసి బూట్ అవుతోందో చూడండి. డిస్కు జరిపేటప్పుడు ‘డిలీట్ సోర్స్’ (పాత డిస్కును తీసేసే) టిక్కు మాత్రం పెట్టొద్దు. రెండు రోజులు సవ్యంగా నడిచాక పాత డిస్కు తీసేయొచ్చు.