ఈవీ (విద్యుత్ వాహనాల) ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి ప్రభుత్వ సాయం పొందడం ఎలా?

హైవే పక్కన జాగా ఉన్నవాళ్లు, హోటళ్లు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, "ఛార్జింగ్ స్టేషన్ పెడితే సబ్సిడీ ఎంతొస్తుంది?" అని. జవాబు ఆ జాగా ఎవరిది, అక్కడిదాకా కరెంటు ఎలా వస్తుంది అనే రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఛార్జర్‌కు ఆర్డరిచ్చేముందే ఈ రెండూ తేల్చుకోండి. ఆర్డరిచ్చాక సబ్సిడీ కోసం వెతికితే చాలా దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

1. మీ జాగా ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి

ఇప్పుడు నడుస్తున్న కేంద్ర పథకం పేరు పీఎం ఈ-డ్రైవ్. 2024 అక్టోబర్ 1న మొదలైంది. మొత్తం రూ.10,900 కోట్లలో పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లకు కేటాయించింది రూ.2,000 కోట్లు. సాయం అందరికీ ఒకేలా ఉండదు.

ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణలో అందరికీ అందుబాటులో ఉండేలా పెడితే కరెంటు ఏర్పాట్లకూ, ఛార్జర్‌కూ కూడా 100 శాతం ఇస్తారు. రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, బస్టాండ్లు, ప్రభుత్వ ఆయిల్ కంపెనీల బంకుల వంటి చోట్ల కరెంటు ఏర్పాట్లకు 80 శాతం, ఛార్జర్‌కు 70 శాతం. షాపింగ్ మాళ్లు, మార్కెట్లు, రోడ్ల పక్కన పెట్టేవాటికి కరెంటు ఏర్పాట్లలో 80 శాతం మాత్రమే. ఛార్జర్ ఖర్చంతా పెట్టేవాళ్లదే. బ్యాటరీ మార్పిడి కేంద్రాలకూ ఇదే లెక్క.

కరెంటు ఏర్పాట్లంటే ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్లు, బ్రేకర్లు, డిస్ట్రిబ్యూషన్ బాక్సులు, కంచె, సివిల్ పనులు. శాతాలను మీ బిల్లు మొత్తం మీద లెక్కించరు, కేంద్రం ఒక ప్రామాణిక ధర పెట్టింది. 50 కిలోవాట్ల వరకు కరెంటు ఏర్పాట్లకు ఆ ధర రూ.6.04 లక్షలు. అందులో 80 శాతమంటే సుమారు రూ.4.83 లక్షలు. అసలు ఖర్చు అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తం మీదే లెక్క. మీ జాగా లైనుకు దూరంగా ఉండి ఖర్చు పది లక్షలైనా సాయం మాత్రం పెరగదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరున్న జాగాకే నా ఓటు, అద్దె కాస్త ఎక్కువైనా సరే.

2. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసుకు వెళ్లండి

ఛార్జింగ్ స్టేషన్‌కు విద్యుత్ లైసెన్సు అక్కర్లేదు. ఛార్జింగ్ అనేది సేవ, కరెంటు అమ్మకం కిందికి రాదని 2018లోనే కేంద్రం తేల్చింది. కావలసింది కనెక్షనే. మీ సెక్షన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ను) కలిసి మూడు విషయాలు అడగండి: దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంత లోడ్ మిగిలి ఉంది, మీ లోడ్‌కు కొత్తది కావాలా, కావాలంటే ఎస్టిమేట్ ఎంత. జవాబులు కాగితం మీద తీసుకోండి.

2024 సెప్టెంబర్ 17 నాటి కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల ప్రకారం, పూర్తి దరఖాస్తు అందాక మెట్రో నగరాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. కొత్త లైన్లు వేయాల్సి వస్తే ఎక్కువ సమయం పడుతుంది. జాప్యమైతే ఈ గడువును గుర్తుచేస్తూ రాతపూర్వకంగా అడగండి, అది మీ హక్కు.

3. దరఖాస్తు ఎవరి ద్వారా వెళ్తుందో తెలుసుకోండి

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. పీఎం ఈ-డ్రైవ్ కింద ఛార్జింగ్ స్టేషన్ల కోసం ఒక వ్యక్తి నేరుగా దరఖాస్తు చేసి డబ్బు తీసుకునే పద్ధతి లేదు. కేంద్ర శాఖలు, రాష్ట్రాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఎంపిక చేసిన స్థలాలతో ప్రతిపాదనలు పంపుతాయి. స్టేషన్‌ను అవే నడపొచ్చు, లేదా ఛార్జింగ్ కంపెనీకి అప్పగించవచ్చు. కాబట్టి "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, సబ్సిడీ మేం తెప్పిస్తాం" అనే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీరు చేయాల్సింది రాష్ట్రంలో ఈ పనులు చూసే నోడల్ సంస్థను కలవడం: ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో టీజీ రెడ్కో. మీ స్థలం వివరాలు, డిస్కం ఇచ్చిన కాగితం చూపించి, రాబోయే ప్రతిపాదనల్లోకి మీ జాగాను తీసుకుంటారా, టెండర్ ఎప్పుడని అడగండి. ఆంధ్రప్రదేశ్‌కు 2024-29 కాలానికి, తెలంగాణకు 2020-30 కాలానికి సొంత విద్యుత్ వాహన విధానాలున్నాయి. వాటిలో స్టేషన్లకు ఏమి వస్తుంది, కేంద్ర సాయంతో కలిపి తీసుకోవచ్చా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ప్రకటించిన రోడ్డు పన్ను మినహాయింపు బండి కొనేవాళ్లకు. స్టేషన్ లెక్కలో దాన్ని కలపకండి.

సొంత జాగా లేకపోతే ప్రభుత్వ భూమి అడగవచ్చు. అమ్మిన ప్రతి యూనిట్‌కు రూపాయి చొప్పున వాటా ఇచ్చే పద్ధతిలో, మొదట పదేళ్లకు భూమి ఇవ్వవచ్చని పైన చెప్పిన విద్యుత్ శాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

4. రోజువారీ లాభం కరెంటు ధరలో ఉంది

సబ్సిడీ ఒక్కసారి వచ్చేది. కరెంటు బిల్లు నెలనెలా వచ్చేది. 2028 మార్చి 31 వరకు ఛార్జింగ్ స్టేషన్లకు ఒకే భాగం టారిఫ్ (విడిగా స్థిర ఛార్జీ లేకుండా, వాడిన యూనిట్లకే ధర) ఉండాలనీ, అది సగటు సరఫరా ఖర్చును మించకూడదనీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే వేళను బట్టి తేడా ఉంటుంది: పగలు 9 నుంచి సాయంత్రం 4 వరకు ఆ ఖర్చుకు 0.7 రెట్లు, మిగతా వేళల్లో 1.3 రెట్లు. ఉదాహరణకు సగటు ఖర్చు యూనిట్‌కు 7 రూపాయలనుకుంటే పగలు రూ.4.90, రాత్రి రూ.9.10. అసలు ధరను ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, కాబట్టి తాజా టారిఫ్ ఉత్తర్వు చూడండి. మధ్యాహ్నం భోజనానికి ఆగే కార్లు వచ్చే చోటుకూ, రాత్రి ఆటోలు వచ్చే చోటుకూ లాభంలో ఎంత తేడా ఉంటుందో దీన్నిబట్టి లెక్కేసుకోవచ్చు.

5. కొనేటప్పుడు, కొన్నాక

ఛార్జర్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుంచి 18 శాతం బదులు 5 శాతమే. కొటేషన్‌లో 18 వేస్తే ఎందుకని నిలదీయండి. కార్లకైతే సీసీఎస్-2 గన్ (కారుకు తగిలించే ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్) ఉండాలి. సాయం రెండు విడతల్లో వస్తుంది, రెండోది స్టేషన్ పనిచేయడం మొదలై జాతీయ ఉమ్మడి వేదికతో (దేశంలోని ఛార్జింగ్ స్టేషన్లను ఒకేచోట చూపే డిజిటల్ వేదిక) అనుసంధానమయ్యాకే. అందుకే ఆ అనుసంధానం చేసిపెట్టే బాధ్యత ఛార్జర్ కంపెనీదేనని ఒప్పందంలో రాయించుకోండి. పని జరుగుతున్నప్పటి ఫొటోలు, ప్రతి బిల్లు అసలు ప్రతి దాచిపెట్టండి.

ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో అయితే

పథకం డబ్బు పబ్లిక్ స్టేషన్లకే. ఇంటి ఛార్జర్‌కు రాదు. అయితే ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చు, కావాలంటే 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఈవీ కోసం విడి కనెక్షన్ అడగవచ్చు. అడిగేముందు రెండు కనెక్షన్ల ధరలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇంటి వాడకం తక్కువగా ఉండి కింది స్లాబులో ఉన్నవాళ్లకు విడి మీటరు కలిసిరాకపోవచ్చు.