రొయ్యల ప్లాంటు పెంచేముందు మనుషుల లెక్క

నెల్లూరు, ఒంగోలు వైపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో కొత్త ఫ్రీజర్ పెట్టాలనుకుంటే ముందు వలిచే చేతుల లెక్క చూడండి. వలిచేచోట సరుకు ఆగిపోతే ఐస్ కరుగుతుంది, నల్లమచ్చ వస్తుంది, రేటు పడిపోతుంది. ఫ్రీజర్ ఖాళీగా తిరిగినా కరెంటు బిల్లు ఆగదు.

లెక్క మీ సొంత రిజిస్టరు నుంచే తియ్యండి. రోజుకు 2 టన్నులు వలవాలి, ఒక్కరు గంటకు 5 కిలోలు వలుస్తారు అనుకుందాం. షిఫ్టు 8 గంటలైనా భోజనం, చేతులు కడుక్కోవడం పోగా పని జరిగేది 7 గంటలే. అంటే మనిషికి 35 కిలోలు. 58 మంది కావాలి. నూటికి పది మంది రాకపోతే 58ని 0.9తో భాగించండి, 64.4 వస్తుంది, అంటే 65 మంది. చాలామంది పదిశాతం కలిపి 64 దగ్గర ఆగుతారు.

కౌంట్ మరవొద్దు. 30 కౌంట్ కిలోకి 30 రొయ్యలు, 100 కౌంట్‌కి 100. చిన్న సరుకు వచ్చిన రోజు అదే మనుషులతో అన్ని కిలోలు తెమలవు. అందుకే కౌంట్‌వారీగా వేరే వేగం రాసుకోండి.

సంక్రాంతికి, వరి కోతలకు హాజరు పడిపోతుంది. నెల ముందే కూలీలను తెచ్చే మేస్త్రీతో మాట్లాడుకోవాలి. ఓవర్‌టైమ్‌తో నెట్టుకొద్దామంటే కూలి రెట్టింపు ఇవ్వాలి, పైగా అలసిన చేతుల్లో ముక్కలు విరుగుతాయి. గ్రేడింగ్, అంటే రొయ్యల్ని సైజువారీగా వేరుచేయడం, తెలిసినవాళ్లు మాత్రం మేస్త్రీ తెస్తే దొరకరు. వలిచేవాళ్లలోంచే ఇద్దరు ముగ్గురిని ముందునుంచీ గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబెట్టండి.