పాత షాట్‌గన్‌కు ముందు పూస మార్చడం – నాలుగో పాఠం: మర, కాడ పొడవు

గత పాఠం ప్రకారం పాత పూసను (గురి చూడటానికి గొట్టం మూతి దగ్గర ఉండే చిన్న గుండును) విప్పిన పాఠకులలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు: కొత్త పూస రెండు చుట్లు తేలికగా దిగి, ఆపై బిగుసుకుపోయింది. అందుచేత పూసను నిటారుగా నిలిపే పనిని వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈ చిక్కునే ముందు తీర్చుకుందాం.

అలా బిగుసుకోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ మర తేడాయే. అమెరికా షాట్‌గన్ల పూసలకు 3-56, 5-40, 6-48 మరలు తరచుగా ఉంటాయి. మొదటి అంకె మందానికి గుర్తు, రెండోది అంగుళానికి ఎన్ని మరలో చెబుతుంది. 6-48 కాడ (పూస అడుగున మర ఉన్న భాగం) మందం సుమారు 3.5 మి.మీ., చుట్టుకు 0.53 మి.మీ. దిగుతుంది. అంతే మందం ఉన్న మెట్రిక్ మర 0.6 మి.మీ., హార్డ్‌వేర్ దుకాణపు 6-32 మర దాదాపు 0.8 మి.మీ. దిగుతాయి. మందం ఒకటే కనుక మొదట పట్టుకుంటాయి, చుట్టు చుట్టుకూ తేడా పేరుకుని ఆగిపోతాయి. అక్కడ బలం చూపితే ఇత్తడి కాడ నలిగి ఇరుక్కుంటుంది, ఉక్కు కాడ గొట్టం మరనే చెరిపేస్తుంది. పాత కాడను వెర్నియర్‌తోనూ, మరల మధ్య దూరం చూపే పిచ్ గేజ్‌తోనూ కొలిచిన తరువాతే కొత్త పూసను కొనండి.

ఇక నేను ఎంతమాత్రం ఉపేక్షించలేని విషయం కాడ పొడవు. మనం ఉదాహరణగా తీసుకున్న, 1912 నుంచి 1960ల దాకా తయారైన వించెస్టర్ మోడల్ 12 వంటి తుపాకులలో, రిబ్ (గొట్టం పైన పొడవునా ఉండే పట్టీ) లేని గొట్టమైతే పూస రంధ్రం గోడను దాటి లోపలికి తెరుచుకునే అవకాశం ఉంది. కాడ వెంట్రుకవాసి పొడుచుకువచ్చినా తూటాలో మందును, గుండ్లను వేరుచేసే వాడ్ దానికి తగిలి చిరుగుతుంది, సీసం పేరుకుంటుంది. రిబ్ ఉన్న గొట్టంలో అదే కాడ అడుగున గొట్టాన్ని తన్ని, రిబ్‌ను పైకి లేపుతుంది. కాబట్టి ముందుగా జిగురు లేకుండా పూసను బిగించి, మూతిలోంచి దూది పుల్లను తిప్పి చూడండి. ఒక్క పోగు చిక్కినా పూసను విప్పి కాడను తగ్గించాలి. బిగించి ఉండగా లోపలినుంచి ఆకురాయి పెట్టేవారున్నారు, చోక్‌పై (మూతి దగ్గర గొట్టం లోపల సన్నబడే భాగంపై) గీతలు పడతాయి కనుక నేను ఒప్పుకోను. అదే మర కోసిన చిన్న ఉక్కు పలకలో కాడను బిగించి, మిగిలిన కొసను అరగదీస్తే, తిప్పి తీసేటప్పుడు చెదిరిన మర తానే సరవుతుంది.

చివరగా, మర వదులుకాకుండా పట్టే జిగురైన థ్రెడ్‌లాకర్‌లో నీలం రంగుది ఒక్క చుక్క చాలు. ఎరుపు రంగుది వాడితే తీయడానికి సుమారు 260 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, పాత జంట గొట్టాల రిబ్‌లను అతికిన మెత్తని టంకం అంతకన్నా తక్కువ వేడికే కరిగిపోవచ్చు.

భారతదేశంలో తుపాకీ మరమ్మతుకు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు అవసరం కనుక, అక్కడి పాఠకులు ఈ పనిని లైసెన్సు ఉన్న ఆయుధ దుకాణానికే అప్పగించాలి.

అభ్యాసం: పనికిరాని ఉక్కు పలకకు 3.05 మి.మీ. రంధ్రం వేసి 6-48 ట్యాప్‌తో మర కోయండి. మూడు పూసల కాడలను, అడుగున గోరు తగలనంతగా, అయితే ఒక్క చుట్టు మర కూడా వృథా కానంతగా తగ్గించండి. మూడూ కుదిరాకే తుపాకీని ముట్టుకోండి.